మూల నుంచి మూలకి

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో, 1978లో, మా అమ్మ ఇంటిస్థలం కొనాలనుకుంది. నాన్నగారు పోయాక చేతికొచ్చిన నాలుగు డబ్బులూ అవే. అవి కరిగిపోకముందే తలదాచుకోను ఇంత చోటు చూసుకోవాలని ఆవిడ తాపత్రయం.

అమ్మేవాళ్ళు స్థలం చూపించారు. తూర్పు పడమర హద్దులు రెండూ 39 అడుగుల చొప్పున, ఉత్తర దక్షిణాలు రెండూ 60 అడుగుల చొప్పున. అరవైని ముప్ఫైతొమ్మిదితో గుణించారు: 2,340 చదరపు అడుగులు. మా వైపు స్థలాలకి గజాల లెక్క చెబితే ఎవరికీ తృప్తి ఉండదు, అంకణాల్లో చెప్పాలి. నెల్లూరు అంకణం అంటే ఆరడుగులకి ఆరడుగులు, 36 చదరపు అడుగులు. భాగిస్తే సరిగ్గా 65 అంకణాలు. అంకణానికి ఇంత అని బేరం కుదిరింది. గుణకారంలో తప్పు లేదు, భాగహారంలోనూ లేదు. బయానా ఇవ్వడమే తరువాయి.

ఆ సాయంత్రం అమ్మ ఒక్కతీ వెళ్ళి స్థలంలో నాలుగు వైపులా నడిచొచ్చింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఆ స్థలం పాత నులకమంచంలా వంకరపోయి ఉందే" అంది.

నులకమంచం అల్లిన ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట వివరించనక్కర్లేదు. మంచం పాతబడి కోళ్ళు వదులైతే ఒక పక్కకి ఒరిగిపోతుంది. పట్టెలు నాలుగూ ఎప్పటి కొలతే, ఒక్క అంగుళం అరగలేదు. కానీ దుప్పటి పరిస్తే ఒక మూల వేలాడుతుంది, ఇంకో మూల చాలదు. ఇద్దరు పిల్లలు పడుకునే మంచం మీద ఒకడే పడతాడు. పట్టెల పొడుగు మారకుండానే లోపలి చోటు తగ్గిపోయిందన్నమాట. అలాంటి మంచాన్ని బాగుచేసే వడ్రంగి పట్టెలు కొలవడు. తాడు తీసుకుని ఈ మూల నుంచి ఆ మూలకి ఒకసారి, ఆ మూల నుంచి ఈ మూలకి ఇంకోసారి పట్టి చూస్తాడు. రెండూ సమానమైతే మంచం సరిగ్గా ఉన్నట్టు. కాకపోతే ఒక గుద్దు గుద్దుతాడు.

మర్నాడు అమ్మ దొడ్లో దండెం తాడు విప్పుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మూల నుంచి మూలకి ఒకసారి పట్టాం. రెండో మూలల మధ్య పట్టబోతే తాడు బోలెడు మిగిలిపోయింది. ఒకటి 83 అడుగుల చిల్లర, రెండోది యాభై ఏడున్నర అడుగుల పైచిలుకు. అమ్మకందారు వచ్చి చూసి, "నాలుగు వైపులా కొలిచిచ్చాం గదమ్మా, ఇంకా ఈ మూలకొలత ఎందుకు?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చాలా దూరం వెనక్కి వెళ్ళాలి.

లెక్కల పుస్తకంలో పైథాగరస్ సిద్ధాంతం అని మనందరం చదివాం. కొందరం దాన్ని చూసి భయపడ్డాం కూడా. మూల సమంగా ఉన్న త్రిభుజంలో రెండు పొట్టి వైపుల మీదా రెండు చతురస్రాలు కడితే, ఆ రెండింటి వైశాల్యం కలిపి పొడుగు వైపు మీద కట్టిన చతురస్రానికి సమానం. ఆ పొడుగు వైపే కర్ణం. పైథాగరస్ క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకువాడు. ఆయనకంటే వెయ్యేళ్ళకి పైగా ముందే బాబిలోనియాలో ఎవరో మట్టిపలక మీద ఇలాంటి త్రిభుజాల సంఖ్యల్ని వరసగా చెక్కిపెట్టారు. ఆ పలక ఇప్పుడు న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉంది. మన దేశంలో శుల్బసూత్రాలున్నాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అని పోట్లాడుకునే ఓపిక నాకు లేదు. మన దగ్గర ఇది ఏ పనికి పుట్టిందన్నది మాత్రం ముచ్చటైన సంగతి.

శుల్బం అంటే తాడు. యజ్ఞవేదికలు కట్టడానికి తాడుతో నేల మీద గీతలు ఎలా వేయాలో చెప్పేవి శుల్బసూత్రాలు. బౌధాయనుడిది వాటిలో పాతది. తరవాతివాడు ఆపస్తంబుడు. ఈ ఆపస్తంబుడు మన తెలుగువాళ్ళకి పరాయివాడు కాదు. నన్నయభట్టు తనను ఆపస్తంబ సూత్రుడిగానే చెప్పుకున్నాడు. పెళ్ళిపీటల మీద ప్రవర చెప్పేటప్పుడు ఇప్పటికీ చాలా తెలుగు ఇళ్ళల్లో వినిపించే పేరు అదే. ఆయన పేరు తలుచుకునేవాళ్ళలో ఎంతమందికి ఆయన తాడూ మేకులూ పట్టుకున్న లెక్కలమాస్టారని తెలుసో మరి!

మన నెల్లూరు తిక్కనగారినే తీసుకోండి. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రి, భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. ఆయన్ని తిక్కన సోమయాజి అంటాం. సోమయాజి అన్నది బిరుదు కాదు, సోమయాగం చేసినవారికి వచ్చే పేరు. సోమయాగానికి మహావేది తప్పదు. ఆ మహావేది కొలతలు శాస్త్రంలో ఖరారై ఉన్నాయి: పడమటి వైపు 30 అడుగులు, తూర్పు వైపు 24, మధ్యన తూర్పు పడమరలుగా 36. (ఈ అడుగు మన స్కేలు అడుగు కాదు, పాదం కొలత.) ఒక వైపు వెడల్పు, ఒక వైపు ఇరుకు. గీత వంకరపోతే క్రతువంతా చెడిందని భయం. మూలమట్టం బద్దలూ కొలత టేపులూ లేని కాలంలో అంతంత మూలలు సమంగా ఎలా తీసేవారు?

ఆపస్తంబుడు చెప్పిన పద్ధతి వింటే, ఇంతేనా అనిపిస్తుంది. మధ్యగీతకి రెండు కొసలా రెండు మేకులు కొట్టండి, మధ్య దూరం 36. తాడు మాత్రం 54 అడుగులది తీసుకోండి. తాడు రెండు కొసలూ రెండు మేకులకి కట్టేయండి. పడమటి కొస నుంచి 15 అడుగుల దగ్గర తాడుకి ముందే ఒక గుర్తు పెట్టి ఉంచాలి. ఆ గుర్తు పట్టుకుని దక్షిణం వైపు బిగుతుగా లాగండి. గుర్తు ఎక్కడ నేలకి తగిలితే అక్కడ మేకు. పడమటి మూల చక్కగా సమంగా వచ్చేసింది! ఎందుకంటే ఇటు 15 పోను అటు మిగిలిన తాడు 39. పదిహేను పదిహేనులు 225, ముప్ఫైయ్యారు ముప్ఫైయ్యారులు 1,296. రెండూ కలిపితే 1,521. అది ముప్ఫైతొమ్మిది ముప్ఫైతొమ్మిదులు. ఉత్తరానికి లాగితే రెండో మూల. కొసలు మార్చి కట్టుకుని తూర్పు మూలలు కూడా ఇలాగే తీస్తారు. ఆ వేది వైశాల్యం 972 అని కూడా ఆపస్తంబుడు లెక్కగట్టాడు. ఎలాగంటే, వెడల్పు వైపు నుంచి ఒక ముక్కని కోసి ఇరుకు వైపు అతికించి, దీర్ఘచతురస్రం చేసి చూపించాడు. రవికెగుడ్డ చాలనప్పుడు చంక దగ్గర ముక్క తీసి చేతికి అతుకు వేసుకుంటామే, సరిగ్గా ఆ తెలివి.

ఇప్పుడు ఇల్లు కట్టడానికి ముగ్గు పోసే మేస్త్రీ కూడా అదే చేస్తాడు. తాడు మీద ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగు, ఏటవాలుగా ఐదు వస్తే మూల సరిపోయిందంటాడు. ఆపస్తంబుడి పేరు అతనికి తెలియదు. తెలియకపోవడం వల్ల గోడ ఏమీ వంకరపోలేదు.

అంకణం సంగతికి వద్దాం. అంకణం అంటే అసలు ఇంట్లో రెండు దూలాల మధ్య చోటు, స్తంభాల మధ్య చోటు. మన పెద్దలు ఇల్లు ఎంత పెద్దదంటే ఎన్నంకణాలని చెప్పుకునేవారు. అదే తరవాత స్థలం కొలత అయిపోయింది. ఆరడుగుల అంకణానికి మూల నుంచి మూలకి ఎంత? ఆరార్లు 36, మళ్ళీ ఆరార్లు 36, మొత్తం 72. డెబ్భైరెండుకి వర్గమూలం కట్టాలి. బళ్ళో అయితే ఇక్కడే మనకి చెమటలు పట్టేవి.

కానీ దీనికో సుళువుంది. డెబ్భైరెండంటే ముప్ఫైయ్యారు రెళ్ళు. ముప్ఫైయ్యారు అంటే ఆరు, దాని జోడు ఆరు. వర్గమూలం గుర్తుని ఒక గడప అనుకోండి. జోడు దొరికిన అంకె గడప దాటి ఒంటరిగా బయటికొచ్చేస్తుంది. జోడు లేనిది లోపలే ఉండిపోతుంది. ఆరు బయటికొచ్చింది, రెండు లోపల ఉండిపోయింది. కాబట్టి అంకణం కర్ణం అంటే ఆరు రెట్ల 'రెండు వర్గమూలం'. యాభైకి కడితే ఐదు రెట్లు, రెండువందలకి కడితే పది రెట్లు. లోపల ఉండిపోయే రెండు మాత్రం ఒకటే. అందుకని ఆ ఒక్క రెండు వర్గమూలం తెలిసి ఉంటే ఇన్ని లెక్కలూ తేలిపోతాయి.

ఆ రెండు వర్గమూలం ఎంతటి మొండిదంటే, ఎంత దూరం భాగించినా తేలదు. శుల్బకారులు దానికి ఒక లెక్క ఇచ్చారు: ఒకటి, దానికి మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఆ వచ్చినదాంట్లో ముప్ఫైనాలుగో వంతు తీసెయ్యి. మన అంకణానికి వేసి చూద్దాం. ఆరడుగులు, మూడో వంతు రెండడుగులు, అందులో నాలుగో వంతు అరడుగు. మొత్తం ఎనిమిదిన్నర. అరడుగులో ముప్ఫైనాలుగో వంతు అంటే అంగుళంలో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ. అది తీసేస్తే అంకణం మూలకొలత. నేటి లెక్కతో పోలిస్తే తేడా వెంట్రుకవాసి కూడా ఉండదు. గుర్తు పెట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళకి ఎనిమిదిన్నర అడుగులు చాలు.

నమ్మకం కుదరకపోతే వాకిట్లో ముగ్గు వేసి చూడండి. మూడు చుక్కలు, మూడు వరసలు. చుట్టూ ఉన్న చుక్కల్ని కలిపితే పెద్ద చదరం. నాలుగు వైపులా మధ్య చుక్కల్ని ఏటవాలుగా కలిపితే లోపల నిలబడ్డ చదరం. నడిమి చుక్క మీదుగా నిలువూ అడ్డమూ గీస్తే పెద్ద చదరం నాలుగు చిన్న గళ్ళవుతుంది. నిలబడ్డ చదరం ప్రతి గడిలోనూ సరిగ్గా సగం తీసుకుంది. నాలుగు సగాలు, అంటే రెండు గళ్ళు. దాని వైపేమో ఒక గడి కర్ణమే. అంటే ఏ గడికైనా కర్ణం మీద చదరం కడితే రెట్టింపు చోటు వస్తుంది. శుల్బసూత్రాల్లో ఈ కర్ణానికి ద్వికరణి అని పేరు. రెండింతలు చేసేదని అర్థం. మూడింతలు చేసేది త్రికరణి. తెలుగు లెక్కల పుస్తకాల్లో కరణులు అని చదువుకుంటున్నది ఆ పాత మాటనే. ఊరి లెక్కలు రాసే కరణంగారి పేరు కూడా చెయ్యడం అనే ధాతువులోంచే వచ్చింది. అన్నట్టు, ఇంకొన్ని చోట్ల అంకణమంటే 72 చదరపు అడుగులు. అంటే మన నెల్లూరు అంకణం కర్ణం మీద కట్టిన చదరం వాళ్ళ అంకణం! కావాలని పెట్టారో, కాకతాళీయమో గాని, ఈ సంగతి తెలిసిన రోజున నాకు భలే సంబరమేసింది.

సరే, అమ్మకందారు లెక్క ఎక్కడిది? ఎదురెదురు వైపుల్ని కలిపి సగం చేసి, ఆ రెండు సగాల్నీ గుణించడం అతను కనిపెట్టిన మోసం కాదు. ప్రపంచంలో పాత కొలతల్లో అదొకటి. ఈజిప్టులో ఎడ్ఫూ అనే చోట గుడి గోడల మీద ఆ గుడి మాన్యాల కొలతలు చెక్కి ఉన్నాయి. అవి కట్టింది ఈ పద్ధతిలోనే. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో ఈ పద్ధతి చెబుతూనే ఇది స్థూలమని, సూక్ష్మం వేరే ఉందని చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో జైనుడైన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాస్తూ, క్షేత్రాల లెక్కని ఏకంగా రెండు భాగాలు చేశాడు. ఒకటి వ్యావహారికం, అంటే పని జరుపుకోవడానికి. రెండోది సూక్ష్మం, అంటే నిజంగా ఎంతో తెలుసుకోవడానికి. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితమనే పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన రాజరాజనరేంద్రుడి కాలం వాడని, అంటే పదకొండో శతాబ్దమని చాలామంది పండితుల అభిప్రాయం. ఊరు కమ్మనాటి పావులూరు. నన్నయగారు భారతం మొదలుపెట్టిన రోజుల్లోనే తెలుగులో లెక్కల పుస్తకం కూడా వచ్చిందంటే మనం గర్వపడాల్సిన విషయమే. గర్వపడేవాళ్ళలో నన్నయ పద్యం ఒక్కటైనా నోటికి వచ్చినవాళ్ళు ఉన్నారు గాని, మల్లన లెక్క ఒక్కటైనా వేసినవాళ్ళు అరుదు. అందులో నేనూ ఉన్నాను.

ఈ స్థూలపు లెక్కలో ఒక తమాషా ఉంది. అది తప్పితే ఎప్పుడూ ఒకవైపుకే తప్పుతుంది. మూలలు నాలుగూ సమంగా ఉంటే సరైన జవాబు వస్తుంది. ఏ మాత్రం వంకర ఉన్నా అసలు చోటు కంటే ఎక్కువే చెబుతుంది గాని, తక్కువ చెప్పదు. వంకరపోయిన మంచం మీద చోటు తగ్గుతుంది గాని పెరగదు కదా! అందుకని పన్ను వేసే ప్రభువుకి ఈ లెక్క ముద్దు. స్థలం అమ్మేవాడికీ ముద్దే. కట్టేవాడికీ, కొనేవాడికీ మాత్రం నష్టం.

ఇంగ్లీషువాళ్ళు వచ్చాక గొలుసు వచ్చింది. 66 అడుగుల గొలుసు, నూరు లింకులు. దాన్ని ఇంగ్లండులో గుంటర్ అనే ఆయన 1620లో తయారుచేశాడు. పది చదరపు గొలుసులు ఎకరం. మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే శాఖ 1858లో మొదలైంది. అప్పటికి మన నెల్లూరు జిల్లా ఆ రాజధానిలోదే. వాళ్ళు పొలం చుట్టూ తిరిగి ఊరుకోకుండా, మధ్యనుంచి మూలకీ మూలకీ గొలుసు లాగి, పొలాన్ని త్రిభుజాలుగా కోసి రాసుకున్నారు. త్రిభుజానికి మూడు వైపులూ తెలిస్తే అది ఇక వంకరపోలేదు. మంచానికి అడ్డంగా మూలబద్ద కొట్టినట్టే. మీ పొలానికి సర్వే పటం ఉంటే తీసి చూడండి, హద్దులు కాక లోపల ఏటవాలుగా పోయే కొలతల గీతలు కనిపిస్తాయి. పటంలో ప్రాణమంతా వాటిలోనే ఉంది. ఊళ్ళల్లో ఆ పటాలూ అడంగళ్ళూ చేతిలో ఉన్న కరణాల వ్యవస్థని 1984 జనవరిలో ప్రభుత్వం రద్దు చేసింది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ భూముల సర్వే మొదలుపెట్టినప్పుడు గొలుసుల బదులు డ్రోన్లు వచ్చాయి. ఆకాశం నుంచి చూసినా లోపల జరిగే లెక్క ఆ తాడు లెక్కే. ఉపగ్రహాలు చెప్పే దూరాల్లో కూడా వర్గాలు కలపడం, వర్గమూలం తీయడం తప్పదు.

మా అమ్మ దగ్గర డ్రోను లేదు. ఎదురింట్లో రిటైరైన లెక్కల మాస్టారున్నారు. అమ్మ తాడు పట్టుకుని వెళ్ళి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చింది. అంగుళాల చిల్లర వదిలేసి చెబుతాను. ఆయన ఉత్తరం మూలనుంచి దక్షిణం హద్దుకి సూటిగా, మూలమట్టంగా తాడు దించితే, అది దక్షిణపు మూలకి తగలకుండా పదిహేనడుగులు పక్కన పడింది. అంటే 39 అడుగుల పక్క హద్దు నిటారుగా లేదు, పదిహేనడుగులు ఒరిగి ఉంది. మరి స్థలం అసలు వెడల్పెంత? మాస్టారు పెళ్ళి శుభలేఖ వెనక రాశారు. ముప్ఫైతొమ్మిది వర్గంలోంచి పదిహేను వర్గం తీసెయ్యాలి, మిగిలినదానికి మూలం కట్టాలి. పెద్ద అంకెలతో కుస్తీ పట్టకుండా, రెండింట్లోనూ మూడు ఉంది కాబట్టి దాన్ని గడప బయటికి పంపేశారు. లోపల పదమూడు పదమూళ్ళు 169, ఐదైదులు 25, తేడా 144, దాని మూలం 12. బయట కూచున్న మూడుతో గుణిస్తే 36. తిక్కనగారి మహావేది తాడు మీద ఉన్న అంకెలే అవి! ఆ రోజున నాకా సంగతి తెలియదు. ఎన్నో ఏళ్ళకి శుల్బసూత్రాల గురించి చదువుతుంటే 15, 36, 39 కనబడి, ఒక్క క్షణం దండెం తాడు కళ్ళ ముందు ఆడింది.

వెడల్పు 36 అయితే స్థలం అరవై ముప్ఫైయ్యారులు 2,160 చదరపు అడుగులు. అంటే 60 అంకణాలు. 65 కాదు. మాస్టారు అమ్మ కొలిచిన పొట్టి కర్ణాన్ని కూడా సరిచూశారు. అరవైలో పదిహేను పోగా 45, వెడల్పు 36. రెండింట్లోనూ తొమ్మిది ఉంది, బయటికి పంపితే లోపల ఐదైదులు ఇరవైయ్యయిదు, నాలుగు నాలుగులు పదహారు, మొత్తం 41. నలభైఒకటికి జోడు దొరకదు, లోపలే ఉంటుంది. దాని మూలం ఆరుంపావు కంటే ఎక్కువ, ఆరున్నర కంటే తక్కువ. 6.4 అనుకుని తొమ్మిదితో గుణిస్తే 57 అడుగుల ఏడంగుళాలు. దండెం తాడు చెప్పిందీ అదే. "అమ్మా, నీ తాడు అబద్ధమాడలేదు" అన్నారు మాస్టారు. అమ్మ ముఖం చూడాల్సింది!

అమ్మకందారు కాసేపు గింజుకున్నాడు. తాతల నాటి నుంచి ఇలాగే కొలుస్తున్నామన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. చివరికి ఐదంకణాల ధర తగ్గించి రాసిచ్చాడు. ఆ డబ్బుతో మా బావి పూడిక తీయించుకున్నామని అమ్మ చాలాకాలం చెప్పుకునేది.

ఇల్లు కట్టుకున్నాక ఈ మూలకొలత మమ్మల్ని ఇంకోసారి పలకరించింది. అది సముద్రం వల్ల. పక్కింటివాళ్ళ పెద్దాయన పడవ వేసుకుని వేటకి వెళ్ళేవాడు. పొద్దెక్కినా రాకపోతే వాళ్ళావిడ ఒడ్డుకెళ్ళి నిలబడేది. ఒకరోజు అమ్మ కూడా ఆవిడకి తోడు వెళ్ళి వచ్చి, "అంతసేపు నిలబడ్డాం, ఆ నీలం గీత ఎంత దూరంలో ఉంటుందంటావు?" అని మాస్టార్నే అడిగింది. సముద్రం ఆకాశాన్ని తాకే గీత అన్నమాట. నేను యాభై మైళ్ళుంటుందనుకున్నాను. మీరూ అలాంటి అంకే అనుకుంటున్నారేమో.

ఆరడుగుల ఎత్తున కన్ను ఉంటే అది సరిగ్గా మూడు మైళ్ళు!

మాస్టారు దాన్ని కూడా త్రిభుజంగానే గీశారు. భూమి నడిమధ్య ఒక మూల, మన కన్ను ఒక మూల, చూపు నీటిని ఒరుసుకునే చోటు ఇంకో మూల. ఒరుసుకునే చోట మూల సమంగా ఉంటుంది. కాబట్టి మన పాత సూత్రమే వర్తిస్తుంది. చిక్కంతా విప్పితే మిగిలేది: భూమి వ్యాసాన్ని మన ఎత్తుతో గుణించి వర్గమూలం తీయడం. భూమి వ్యాసం 7,918 మైళ్ళు, మైలుకి 5,280 అడుగులు. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే దాదాపు సరిగ్గా ఒకటిన్నర వస్తుంది. ఎవరు ఏర్పాటు చేశారో గాని, మైళ్ళూ అడుగులూ వాడే రోజుల్లో ఇది మంచి వరం. ఎత్తుని అడుగుల్లో తీసుకుని, ఒకటిన్నరతో గుణించి, మూలం కడితే మైళ్ళు. ఆరడుగులకి తొమ్మిది, దాని మూలం మూడు. గాలిలో వెలుగు కాస్త వంగుతుంది కాబట్టి నిజంగా ఇంకో పిసరు దూరం కనబడుతుంది, అంతే.

మా తీరానికి ఈ లెక్క చాలా పాత అవసరం. ఇంగ్లీషువాళ్ళు మద్రాసుకి ముందు 1626లో, ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న దుగరాజపట్నం దగ్గర, ఆర్మగాంలో స్థావరం పెట్టుకుని కూచున్నారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయనే ఆ చోటు నచ్చక, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసులో చోటు సంపాదించాడు. ఆ ఆర్మగాం ఎదురుగా నీళ్ళలో దాక్కున్న ఇసుకమేటలు ఓడలకి గండం. అందుకే ఆ తీరంలో దీపస్తంభం. స్తంభం ఎందుకంత ఎత్తుగా కడతారంటే జవాబు మన వర్గమూలంలోనే ఉంది. దీపం నీటికి 96 అడుగుల పైన ఉందనుకోండి, ఒకటిన్నర రెట్లు 144, మూలం 12. దీపం వెలుగు పన్నెండు మైళ్ళ దూరంలో నీటిని ఒరుసుకుంటుంది. పడవలో ఆరడుగుల ఎత్తున ఉన్న కంటికి ఇంకో మూడు మైళ్ళు. మొత్తం పదిహేను మైళ్ళ నుంచి ఆ వెలుగు అందుతుంది. అయితే వర్గమూలం దగ్గర ఒక పిసినారితనం ఉంది. పన్నెండు మైళ్ళని ఇరవైనాలుగు చేద్దామంటే స్తంభం రెట్టింపు ఎత్తు చాలదు, నాలుగు రెట్లు కట్టాలి. 384 అడుగులు!

అమ్మ ఇదంతా విని, "నా ఎత్తుకి మూడు మైళ్ళు కూడా రావన్నమాట" అంది. లెక్కేశాం. ఆవిడ కంటి ఎత్తు నాలుగున్నర అడుగులు, దానికి ఒకటిన్నర రెట్లు ఆరుముప్పావు, మూలం రెండున్నర పైచిలుకు.

"మన డాబా ఎక్కి చూస్తే?"

డాబా పన్నెండడుగులు. నాలుగున్నర కలిపితే పదహారున్నర. ఒకటిన్నర రెట్లు ఇరవైనాలుగుముప్పావు. అంటే ఇంచుమించు ఇరవైయ్యయిదు. మూలం ఐదు. ఐదు మైళ్ళు.

అప్పటికి మా డాబాకి మెట్లు లేవు. ఒరుగులు ఎండబెట్టాలంటే నిచ్చెన వేసుకుని నేనే ఎక్కేదాన్ని. ఆ సంక్రాంతికి అమ్మ మెట్లు కట్టించింది. మేస్త్రీ మొదటి మెట్టుకి మూల తీస్తుంటే పక్కనే నిలబడి, మూడూ నాలుగూ ఐదూ వచ్చిందో లేదో రెండుసార్లు చూపించమంది. మెట్లు ఆరీ ఆరకముందే పక్కింటావిడ తెల్లవారుజామున తలుపు తట్టి, "అక్కా, ఒక్కసారి పైకెక్కి చూసొస్తానక్కా" అంది.